వంటింటి ధన్వంతరి కావాలంటే

మన దగ్గర డాక్టరు కావాలంటే నీట్ రాయాలి, సీటు రావాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదవాలి. వంటింటి వైద్యులు కావడానికి ఇవేవీ అక్కర్లేదు. ఎదురుగా ఉన్న మనిషి ఒక్కసారి తుమ్మితే చాలు. అయితే ఆయన రెండో తుమ్ము తుమ్మేలోగా మీరు నోరు తెరవాలి. ఏమాత్రం ఆలస్యం చేసినా పక్కనున్న మేనత్తగారు అందుకుంటారు, కేసు చేజారిపోతుంది.

పోటీ విపరీతంగా ఉన్న రంగమిది. కావాలంటే ఏ పెళ్లింటికైనా వెళ్లి చూడండి. పెళ్లికూతురు బాబాయి రాత్రంతా బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాడు, గొంతు పట్టేసింది. ‘కాఫీ’ అనబోయి ‘కా’ దగ్గరే ఆగిపోయాడు. పాలల్లో మిరియాల పొడి కలుపుకు తాగమని వియ్యపురాలు. పాలు కఫం చేస్తాయి, శొంఠి కషాయమే మేలని పెద్దమ్మ. ఆ రెండూ వేడి, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోరా అబ్బాయ్ అని తాతగారు. లవంగం ఉండగా కరక్కాయెందుకని తోడల్లుడు. ఆడపెళ్లివారాయె, ఆయన ఎవరి మాటా కాదనలేడు. మధ్యాహ్నానికల్లా ఆయన పొట్టలోకి పాలు, మిరియాలు, శొంఠి, బెల్లం, తేనె, తులసాకులు, తమలపాకు రసం చేరాయి. కుడి బుగ్గన కరక్కాయ, ఎడమ బుగ్గన లవంగం. సాయంత్రానికి గొంతు కాస్త విచ్చుకుంది. విచ్చుకోక ఏం చేస్తుంది, చలిగాలికి పట్టేసిన గొంతు. కానీ ఎవరి మందుకు విచ్చుకుందన్న పేచీ మాత్రం ముహూర్తం దాటినా తేలలేదు. అలాంటి పేచీల్లో నెగ్గుకురావడం ఎలాగో, కొత్తగా ఈ వృత్తిలోకి దిగేవారికి చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

రోగాన్ని మీరే ఎంచుకోండి

మందు సంగతి తర్వాత. ముందు రోగాన్ని చూసి పట్టుకోవాలి. తనంతట తను తగ్గిపోయే రోగమైతేనే చేయి వేయండి. జలుబు, ఎక్కిళ్లు, కంటికురుపు, నోటిపూత, బెణుకు, కళ్లకలక, ప్రయాణంలో పట్టేసిన మెడ: ఇవి మీ పాలిట కామధేనువులు. కషాయం పోసినా, పోయకపోయినా, పోసినట్టు నటించినా తగ్గుతాయి.

జలుబు విషయంలో ఒక కిటుకుంది. మొదటిరోజే మందు చెప్పి పేరు చెడగొట్టుకోకండి. జలుబు రెండో రోజుకో మూడో రోజుకో బాగా ముదిరి, ఆ తర్వాత నెమ్మదిగా దిగడం మొదలుపెడుతుంది. వారం పది రోజుల్లో పోతుంది. మొదటిరోజు కషాయం ఇచ్చారనుకోండి, మర్నాడు ముక్కు ఇంకా కారుతుంది, ‘నీ కషాయం తాగాకే ఎక్కువైంది వదినా’ అంటారు. అందుకని మూడో రోజు సాయంత్రం దాకా ఓపిక పట్టండి. అప్పటికి రోగి విసిగిపోయి ఉంటాడు, రోగం కూడా దిగడానికి సిద్ధంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికి మిరియాల చారుతో ప్రవేశించండి. తెల్లారేసరికి మీరు దేవత.

పెద్ద పేరు కావాలనుకునేవారికి పచ్చకామెర్లు ఉన్నాయి. కలుషితమైన నీళ్లవల్ల వచ్చే హెపటైటిస్-ఎ రకం కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఊరూరా కామెర్లకు పసరు పోసేవాళ్లు ఇన్ని తరాలుగా నిలదొక్కుకున్నారంటే సగం పుణ్యం ఆ వైరస్‌దే. నేల ఉసిరి నూరి ఇవ్వండి, మజ్జిగలో ఇవ్వండి, పరగడుపున ఇవ్వండి, ఏం చేసినా నెలరోజులకు కళ్లు తెల్లబడతాయి. చిక్కల్లా హెపటైటిస్-బి ఉన్నవాళ్లతోనూ, పిత్తాశయం రాయి జారి నాళానికి అడ్డుపడ్డవాళ్లతోనూ. వాళ్ల కళ్లూ అంతే పచ్చగా ఉంటాయి, చూసి పోల్చలేం. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది గానీ, పరీక్షలు చేయించే వైద్యుడికి మన సంఘంలో సభ్యత్వం లేదు.

ఎక్కిళ్లకు ప్రత్యేకంగా శిక్షణ అక్కర్లేదు. ఊపిరి బిగబట్టమనండి, చెంచాడు పంచదార మింగమనండి, వెనకనుంచి వచ్చి ‘నీ పర్సు పోయిందట’ అని భయపెట్టండి. ఏదో ఒకటి చేస్తుండగా ఎక్కిళ్లు ఆగుతాయి, ఆగిన క్షణాన ఏది చేస్తున్నారో దానికి పేరొస్తుంది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకోవడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. ఇందులో వైద్యుడికి ఖర్చు లేదు, రోగికి నొప్పి కొత్తచోటికి మారుతుంది, తన్నినవారికి ఎన్నాళ్లనుంచో ఉన్న కసి తీరుతుంది. అల్లుళ్లు ఈ వైద్యానికి దూరంగా ఉండటం మంచిది.

నిదానం ఒక్కటే: వేడి చేసింది

ఆస్పత్రిలో రోగమేమిటో తేల్చడానికి వంద పరీక్షలు. మనకు రెండే మాటలు. వేడి చేసింది, లేదా చలవ చేసింది. నోరు పూసిందా? వేడి. మొటిమలొచ్చాయా? వేడి. మూత్రం మంట? వేడి. కళ్లు ఎర్రబడ్డాయి, కోపం వస్తోంది, నిద్ర పట్టడం లేదు, పరీక్ష తప్పాడు: అన్నీ వేడే. మామిడిపండు వేడి, కోడిగుడ్డు వేడి, టీ వేడి, ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. మజ్జిగ చలవ, సబ్జాగింజలు చలవ, బార్లీ నీళ్లు చలవ, కీరదోస చలవ. ఇంత తెలిస్తే డిగ్రీ చేతికొచ్చినట్టే.

దీంట్లో ఉన్న అందమేమిటంటే, థర్మామీటరుతో దీనికి ఏ సంబంధమూ లేదు. నూట రెండు జ్వరంతో కాలిపోతున్నవాడికి చలవ చేసి ఉండవచ్చు, చల్లగా ఉన్నవాడికి వేడి చేసి ఉండవచ్చు. కాదని నిరూపించగలిగే నాథుడు లేడు. మూత్రం మంట అంటే నీళ్లు సరిగా తాగకపోవడం కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగరు కూడా కావచ్చు. మీరు మాత్రం ఆ దారిలోకి వెళ్లకండి. సబ్జా నానబెట్టండి. రోగి నీళ్లు ఎక్కువ తాగుతాడు, కొంత హాయిగా ఉంటుంది, పేరు సబ్జాకు వస్తుంది. నాలుగు రోజులకూ తగ్గలేదా? ‘నీ ఒంట్లో ఎంత వేడి పేరుకుందో చూశావా!’ అనండి.

ఈ రెండు మాటల్లోనూ ఇమడనివి ఏమైనా మిగిలితే దిష్టి. ఉప్పు, ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేయండి. కోరు రాకపోతే దిష్టి బాగా తగిలినట్టు. అంటే ఇంకా తీయాలి.

కొలతలు చెప్పినవాడు చెడ్డాడు

కొత్తగా వచ్చినవారు చేసే పెద్ద తప్పు ఇదే. ఎంత వాము, ఎన్ని నీళ్లు, ఎన్ని పూటలు అని రోగి అడగ్గానే నిజంగా చెప్పేస్తారు. చెబితే అతను అలాగే చేస్తాడు. చేసి తగ్గకపోతే? మీకు దాక్కోవడానికి చోటు ఉండదు. కొలత ఎప్పుడూ జారిపోయేలా ఉండాలి. చిటికెడు, గుప్పెడు, నాలుగాకులు, ఉసిరికాయంత, సగానికి మరిగేదాకా. మీ చిటికెడు వేరు, ఆయన చిటికెడు వేరు. ఫలితం రాలేదా, ‘చిటికెడు అంటే అంత వేస్తారా ఎవరైనా!’

కొలత లేకపోవడం ఒక మెట్టయితే, రహస్యం దానికి పై మెట్టు. మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్ల నోట్లో ఓ ముద్ద పెట్టి ఉబ్బసం రోగుల చేత మింగిస్తారు కదా. ఏ ఏటికాయేడు వేలమంది వరసలో నిలబడతారు. ఆ ముద్దలో ఏముందో దాన్ని పెట్టే కుటుంబానికే ఎరుక. మీకు అంత పెద్ద మైదానం దొరక్కపోవచ్చు, కాని సూత్రం ఒకటే. మీ పొడిలో ఉన్నవి ధనియాలూ జీలకర్రేనని తెలిసిన రోజున మీ దగ్గరికి ఎవరూ రారు, కిరాణా కొట్టుకే పోతారు. అందుకని కాగితం పొట్లంలో కట్టి ఇవ్వండి. ‘ఇందులో ఏముంది పిన్నిగారూ?’ అని అడిగితే కళ్లు అరమోడ్చి, ‘మా అమ్మమ్మ చెప్పింది’ అనండి. సరిగ్గా ఏం చెప్పిందో అనవసరం.

ఇక పథ్యం. ఈ వృత్తిలో దీన్ని మించిన బీమా లేదు. మందుతోపాటు మానేయాల్సినవి ఓ డజను చెప్పండి: వంకాయ, గోంగూర, చింతపండు, పెరుగు, నువ్వులు, చేపలు, పచ్చిమిరపకాయ, పగటినిద్ర. ఇవన్నీ మండలం రోజులు మానేయాలి. నలభై రోజుల్లో చాలా రోగాలు వాటంతట అవే వెళ్లిపోతాయి, అది మొదటి లాభం. వెళ్లకపోతే, తెలుగువాడు నలభై రోజులు చింతపండు ముట్టకుండా ఉండలేడు, అది రెండో లాభం. ఎక్కడో ఒక చోట, ఏ బంధువులింట్లోనో, చారు పోసుకునే ఉంటాడు. మీరు అతని కళ్లలోకి సూటిగా చూసి ‘నిజం చెప్పు’ అంటే చాలు, తప్పు ఒప్పేసుకుంటాడు.

పసుపూ, పేటెంటూ

ఎప్పుడో ఒకప్పుడు ఇంజనీరింగ్ చదివిన మేనల్లుడు ఎదురవుతాడు. ‘దీనికి ఆధారమేమిటి అత్తా?’ అంటాడు. కంగారుపడకండి. పసుపు కథ చెప్పండి. 1995లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద పేటెంటు తెచ్చుకుంది. మన సీఎస్ఐఆర్ ఊరుకోలేదు. ఇది మా ఇళ్లల్లో తరతరాలుగా ఉన్నదే, కొత్తగా మీరు కనిపెట్టిందేమీ లేదంటూ సంస్కృత గ్రంథాలు, 1953 నాటి వైద్యపత్రికలో వచ్చిన వ్యాసం చూపించి పోరాడింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. వినడానికి రోమాలు నిక్కబొడిచే కథ. అక్కడితో ఆపేయండి. ఆ గొడవంతా ‘ఇది కొత్తదా, పాతదా’ అన్నదాని మీదే నడిచిందనీ, పసుపు ఏ రోగాన్ని ఎంత తగ్గిస్తుందన్నది అక్కడ తేల్చలేదనీ మేనల్లుడికి తట్టకముందే పులిహోర వడ్డించండి.

పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం నూటికి మూడు పాళ్ల దాకా ఉంటుంది. అందులోనూ పేగుల్లోంచి రక్తంలోకి చేరేది బహుకొద్ది. మిరియాలు కలిస్తే కొంచెం ఎక్కువ చేరుతుంది. రాత్రిపూట పాలల్లో పసుపు వేసుకు తాగితే గొంతుకు హాయిగానే ఉంటుంది, అది ఎవరూ కాదనరు. కాని కీళ్లనొప్పులు, షుగరు, క్యాన్సరు అంటూ వరసగా లాగించేవారికి ఈ లెక్క అస్సలు నప్పదు. పసుపు ఎక్కడిదని కూడా అడగనివ్వకండి. దుగ్గిరాల, నిజామాబాద్ యార్డుల నుంచి వచ్చిన కొమ్ము కొట్టించుకుంటే అదో దారి. విడిగా అమ్మే పొడిలో మెరుపు కోసం సీసం కలిసిన రంగు కలపడం మన దేశంలో పట్టుబడ్డదే. రోజూ గ్లాసుడు చొప్పున తాగేవాళ్లకు ఇది తెలియడం వృత్తికి మంచిది కాదు.

తలనొప్పి గురించి ఒక్క మాట. ఇక్కడ మీకు గట్టి పోటీదారు ఉన్నాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో అక్కడ ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది, 1914లో మద్రాసు నుంచి దినపత్రికైంది. దేశం తలనొప్పి మీద తెలుగు పత్రిక నడిచిందన్నమాట. మీ శొంఠి పట్టు ఇంతవరకూ కరపత్రం కూడా నడపలేదు కాబట్టి, తలనొప్పి కేసులు వదిలేయడమే గౌరవం.

గోరుచుట్టు మీద నిమ్మకాయ

కొన్ని వైద్యాలు ఫలితం కోసం కాదు, చూడముచ్చటగా ఉండటం కోసం చేయాలి. అందులో మొదటిది గోరుచుట్టుకు నిమ్మకాయ. మంచి బొద్దుగా ఉన్న కాయ తీసుకుని, తొడిమె దగ్గర చాకుమొనతో వేలు పట్టేంత చిల్లు పెట్టాలి. లోపల చిటికెడు పసుపు, గోరంత సున్నం. అప్పుడు వాచి ఎర్రగా నిగనిగలాడుతున్న వేలు అందులోకి దూర్చాలి. రోగి మొదట ‘అబ్బా’ అంటాడు. పులుపు పుండుకు తగిలింది కాబట్టి అంటాడు, మీరు మాత్రం ‘లాగుతోంది, లాగుతోంది’ అనండి. ఆ నిమ్మకాయతో ఆయన ఆఫీసుకు వెళతాడు, సంతకం పెడతాడు, బస్సులో రాడ్ పట్టుకుంటాడు, చూసిన ప్రతివాడూ అడుగుతాడు. మీకు ఇంతకు మించిన ప్రచారం ఏముంటుంది? గోరువెచ్చని ఉప్పునీళ్లలో రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచితే చాలా గోరుచుట్లు అణుగుతాయి, చీము పడితే డాక్టరు చిన్న గాటు పెట్టి తీసేస్తాడు. కాని గోరువెచ్చని నీళ్లను వేలికి తొడుక్కుని ఊరంతా తిరగలేం కదా.

చెవిపోటుకు కాచిన వెల్లుల్లి నూనె, పంటినొప్పికి లవంగం కూడా ఇలాంటివే. లవంగంలోని యూజినాల్‌కు నొప్పిని మొద్దుబార్చే గుణం ఉంది, దంతవైద్యులే దాన్ని వాడతారు. అదే మనకు ఇబ్బంది. నొప్పి తగ్గిందని రోగి మురిసిపోతుండగా పుచ్చు తన దారిన తాను వేరుదాకా వెళుతుంది, చివరికి రూట్ కెనాల్ బిల్లు వచ్చినప్పుడు మీ లవంగం ఎవరికీ గుర్తుండదు. చెవి సంగతికొస్తే, కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మీకు కనబడదు. కనబడని చోట నూనె పోయడానికి కాస్త గుండె ధైర్యం కావాలి, అది మనవాళ్లకు పుష్కలం.

కళ్ల దగ్గర మాత్రం కొంచెం చూసుకోండి. 2021 మే నెలలో కరోనాకని కృష్ణపట్నం మందు కోసం జనం ఎగబడ్డ రోజులు గుర్తున్నాయా? అప్పట్లో ఆ మందుల పంపిణీకి ఒప్పుకున్న రాష్ట్ర ప్రభుత్వం కూడా కంట్లో వేసే చుక్కలకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. అంతటి గందరగోళంలోనూ సర్కారు కంటి దగ్గర ఆగింది. మనం ఉల్లిరసం, తేనె, చనుబాలు పట్టుకుని అక్కడినుంచే మొదలుపెడుతున్నాం.

పసివాళ్లు

నోరు లేని రోగి ఎదురు మాట్లాడడు కాబట్టి మన వృత్తిలో అందరికీ పసిపిల్లలంటే ప్రేమ. సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, కరక్కాయ, జాజికాయ తలా రెండు తిప్పులు తిప్పి, ఆ గంధాన్ని ఉగ్గుగిన్నెలో తల్లిపాలతో కలిపి, పిల్లవాడి దవడలు వేళ్లతో నొక్కిపట్టి గొంతులోకి జార్చే ఆ పద్ధతిని నాయనమ్మలు ఎంత ఒడుపుగా చేస్తారో! మాటలు త్వరగా వస్తాయని వస. ఆ వస ఆహారంలో వాడకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముక్కు బిగిసిందని ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. కర్పూరం కడుపులోకి వెళ్లినా, ఒంటికి ఎక్కువగా పట్టించినా పసివాళ్లకు ఫిట్స్ రావచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే అందులో ఉండే సూక్ష్మజీవి బీజాలు పేగుల్లో మొలకెత్తి బొట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. ఏడాది దాటిన పిల్లలకు అదే తేనె చెంచాడు ఇస్తే దగ్గు కాస్త శాంతిస్తుంది, ఇంగ్లండు వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది. పదకొండో నెలకూ పదమూడో నెలకూ ఇంత తేడా ఉంటుందని ఏ అమ్మమ్మా చెప్పలేదు గనుక, మన శాస్త్రం ప్రకారం ఆ తేడా లేదు.

ఈ విభాగంలో మీకు ఎదురు తిరిగేవాళ్లు ఇద్దరే: పిల్లల డాక్టరు, కోడలు. ‘నిన్ను పెంచలేదూ?’ అని కొడుకును అడగండి. వాడు ఇద్దరి మధ్యా నిలబడి గోడమీది క్యాలెండరు చూస్తాడు. సగం ఇళ్లల్లో కేసు అక్కడే మీ పక్షాన తేలిపోతుంది. (మిగతా సగం ఇళ్లల్లో కోడలు ఫోను తీసి డాక్టరుకే కలుపుతుంది. అలాంటిచోట్ల వడియాలు పెట్టే పని చూసుకోవడం ఉత్తమం.)

మన వృత్తికి ఇద్దరు శత్రువులు

మొదటి శత్రువు కుళాయి. చేయి కాలిందంటే మన దగ్గర ఎన్ని మందులున్నాయో లెక్కలేదు. టూత్‌పేస్టు, దోసెల పిండి, పసుపు, వెన్న, కోడిగుడ్డు తెల్లసొన, బంగాళాదుంప తురుము, ఒకప్పుడైతే ఫౌంటెన్ పెన్నులోని సిరా. బొబ్బలెక్కిన చేతికి టూత్‌పేస్టు పూసి ఆస్పత్రికి పంపితే, నర్సు దాన్ని చర్మంతో సహా గీకాల్సి వస్తుంది. డాక్టర్లేమో వెంటనే కుళాయి కింద చేయి పెట్టి ఇరవై నిమిషాలపాటు నీళ్లు పారనివ్వమంటారు. ఐసు ముక్క కూడా వద్దట, మామూలు చల్లటి నీళ్లట. ఇదొక మందా! ఇరవై నిమిషాలు నిలబడితే అందులో వైద్యుడు చేసిందేముంది? తగ్గితే పేరు మున్సిపాలిటీకి పోతుంది. ఈ మాట ఎవరైనా ఎత్తగానే మాట మార్చేయండి.

రెండో శత్రువు ఇంకా ప్రమాదకరం. ఎందుకంటే అది మన వంటింట్లోంచే, మన డబ్బాల్లోంచే పుట్టింది. ఉప్పు, పంచదార, నీళ్లు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు లక్షలుగా సరిహద్దు దాటి వస్తుంటే పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ దగ్గర కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనాబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు, సోడాఉప్పు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువులచేతే తాగించారు. నూటికి ముప్పైమంది దాకా పోతున్న చోట ఆ లెక్క నాలుగులోపుకి దిగింది. పంచదార పేగులోకి ఇంకుతూ తనతోపాటు ఉప్పునీ, ఉప్పు వెంట నీటినీ లాక్కెళుతుంది, అంతే కిటుకు. 1978లో లాన్సెట్ వైద్యపత్రిక దీన్ని ఆ శతాబ్దపు వైద్యంలోనే ముఖ్యమైన ముందడుగు కావచ్చని రాసింది. ఆయన 2022లో పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇంత గొప్ప చిట్కా మన ఇంట్లో ఉండి కూడా మనం విరేచనాలకు దానిమ్మ తొక్క, మెంతులు పెరుగు, కాఫీ డికాషన్‌లో నిమ్మరసం అంటూ ఎందుకు తిరుగుతున్నాం? కారణం చెబుతాను. దీనికి కొలత ఉంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ముప్పు. చిటికెడు, గుప్పెడు చెల్లవు. పథ్యం లేదు, మామూలు తిండి పెట్టమంటారు. రహస్యం లేదు, పొట్లం మీదే రాసి ఉంటుంది. పైగా విరేచనాలు ఇది తాగితే ఆగవు. మనిషి నీరసించి పోకుండా ఉంటాడు, అంతే. విరేచనాలు ఆగకపోతే పొగిడేదెవరు?

పేరు మాత్రం భలే అమ్ముడుపోయింది. ఓఆర్‌ఎస్ అని అట్టమీద పెద్దక్షరాలతో రాసి తీపి పానీయాలు అమ్మేవాళ్లు బయల్దేరారు. పంచదార మోతాదు మించిన నీళ్లు విరేచనాలను ఇంకా పెంచుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడితే, చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, సూత్రం ప్రకారం లేని పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పక్కవాడి పేరుతో సరుకు అమ్ముకోవడంలో మనకంటే ముదుర్లు ఉన్నారని గ్రహించండి.

గ్యాస్ పట్టేసిందంటే

ఒక్క రోగం విషయంలో పైన చెప్పిన సూత్రాలేవీ నడవవు. మన ఇళ్లల్లో దాని పేరు గ్యాస్. రాత్రి భోజనమయ్యాక ఇంటి పెద్దాయన ఛాతీమీద అరచేయి ఆనించి ‘ఏదో పట్టేసినట్టుంది’ అంటాడు. వాము నలిపి వేడినీళ్లతో ఇస్తారు. సోడా తెప్పిస్తారు. ఒక తేన్పు వస్తుంది, ‘చూశావా, గ్యాసే’ అంటారు. వీపు రుద్దుతారు. నుదుట చెమట పడితే ఫ్యాన్ పెంచుతారు. పొద్దున్న చూద్దాంలే అని పడుకోబెడతారు.

ఇలాంటి కేసు పట్టొద్దని నేను మీ మంచి కోరే చెబుతున్నాను. జలుబు రోగి మూడో రోజున వచ్చి పొగుడుతాడు, కామెర్ల రోగి నెలకు వచ్చి పండ్లు ఇచ్చి వెళతాడు. ఈ రోగి రాకపోవచ్చు. గుండె రక్తనాళం మూసుకుపోతే గడిచే ప్రతి నిమిషానికీ కొంత కండ చచ్చిపోతుంది, తర్వాత ఏ కషాయం పోసినా అది తిరిగి రాదు. అది గ్యాసో గుండెపోటో తేన్పును బట్టి చెప్పలేం, ఈసీజీ చెబుతుంది. షుగరు ఉన్నవాళ్లకూ, ఆడవాళ్లకూ గట్టిగా నొప్పి రాకుండా వికారం, ఆయాసం, అజీర్తి లాంటి ఇబ్బందితోనే గుండెపోటు రావచ్చు.

అందుకని ఛాతీ బరువెక్కి, చల్లటి చెమటలు పట్టి, నొప్పి భుజానికో దవడకో వీపుకో పాకుతోందంటే వాము డబ్బా మూత పెట్టేయండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన 108 ఉంది. ముందు దానికి ఫోన్ చేయండి. ఆస్పత్రికి వెళ్లాక అది గ్యాసేనని తేలితే ఆ ఈసీజీ ఖర్చు గురించి వియ్యపురాలు దెప్పుతారు, పడండి.